పాత టీమ్ మీదికి రాడ్జర్స్: సోమవారం పొద్దున ఏం జరుగుతుందో మీ జోస్యాలు చెప్పండి

తాడిపత్రి తమ్ముడు (అనంతపురం)

అన్నలూ అక్కలూ, మా ఇంట్లో ఒక పంచాయితీ నడుస్తోంది, తీర్పు మీరే చెప్పాలి. మా అన్న పిట్స్‌బర్గ్‌లో ఉంటాడు, అక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ స్టీలర్స్ అంటే ప్రాణం. మా బావ మిల్వాకీలో ఉంటాడు, గ్రీన్‌బే ప్యాకర్స్ భక్తుడు. ఇన్నేళ్లూ వీళ్లిద్దరికీ గొడవ పడే అవసరమే రాలేదు, ఆ రెండు టీములు తలపడేదే అరుదు కాబట్టి. ఇప్పుడు ఆరన్ రాడ్జర్స్ వచ్చి స్టీలర్స్‌లో కూర్చున్నాడు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నా. ఈయన క్వార్టర్‌బ్యాక్, ప్యాకర్స్‌లో 18 సీజన్లు ఉన్నాడు, లీగ్‌లో ఉత్తమ ఆటగాడి అవార్డు నాలుగుసార్లు కొట్టాడు, 2011 ఫిబ్రవరిలో వాళ్లకి సూపర్ బౌల్ గెలిపించాడు. ఆ ఫైనల్లో 31-25తో ఓడించింది ఎవర్నో తెలుసా, ఈ స్టీలర్స్‌నే. ఆ రోజు పిట్స్‌బర్గ్‌లో ఆయన్ని తిట్టని ఇల్లు లేదంటాడు మా అన్న. ఇప్పుడు అదే అన్న ఆయన జెర్సీ కొనుక్కుని ఫొటో పెట్టాడు గ్రూపులో. బావ మూడు రోజులుగా ఆ ఫొటోకి జవాబే ఇవ్వలేదు, బ్లూ టిక్కులు మాత్రం పడినాయి.

మ్యాచ్ మన టైములో 2025 అక్టోబర్ 27 సోమవారం తెల్లారి 5:50కి. కార్తీక సోమవారం. మా అమ్మ తులసికోట దగ్గర దీపం పెట్టే వేళ. పక్కన అరుగు మీద ఫోన్ పట్టుకుని నేను గట్టిగా అరిచానంటే ఆ రోజు ఉపవాసం ఆమెకి కాదు, నాకు.

ఫ్యామిలీ గ్రూపులో నన్ను మధ్యవర్తిగా పెట్టారు. ఆటకి ముందు ఒక జోస్యం ప్రకటించాలట. బుద్ధిగా రాస్తే ఎవరూ చదవరు, కాస్త నవ్వొచ్చేట్టు ఉండాలి, స్కోరు కూడా ఉండాలి. ఒకటే షరతు, వయసు మీద జోకులు తగ్గించండి. మా అన్నకి కూడా 41 ఏళ్లే.

బురుజు బాబు (కర్నూలు)

వయసు జోకులు వద్దంటే ఈ మ్యాచ్‌కి ఇంకేం మిగిలింది తమ్ముడూ? మొన్న 16న స్టీలర్స్ సిన్సినాటి చేతిలో 33-31తో ఓడిపోయారు, అటువైపు బంతి విసిరింది 40 ఏళ్ల జో ఫ్లాకో. ఇద్దరి వయసూ కలిపితే 81. ఆ రోజు అవార్డు ఇవ్వాల్సింది వాళ్ల మోకాళ్లకి పట్టీలు కట్టినోడికి.

ఇక నా జోస్యాలు. బయట ఆడేటప్పుడు ప్యాకర్స్ మామూలుగా తెల్ల జెర్సీలో వస్తారు, అది రాడ్జర్స్ అదృష్టం. పచ్చవి వేసుకునొస్తే మాత్రం పద్దెనిమిదేళ్ల అలవాటు, మొదటి బంతి నేరుగా వాళ్ల చేతికే ఇచ్చి "బాగా పరిగెత్తావ్ నాయనా" అని వీపు తట్టి వచ్చేవాడు.

ఆయనకి ఒక పాత విద్య ఉంది. బంతి అందుకునే ముందు గొంతు మార్చి ఒక కేక వేస్తాడు, ఎదుటివాడు ఆట మొదలైందనుకుని గీత దాటి దూకుతాడు, అయిదు గజాలు ఊరికే వస్తాయి. ఎంత మందిని ఆ కేకతో ముంచాడో. ప్యాకర్స్ కోచ్ లఫ్లూర్ 2019 నుంచి నాలుగు సీజన్లు పక్కన నిలబడి ఆ కేక విన్నాడు, కాబట్టి ఈ వారమంతా ప్రాక్టీసులో అదే గొంతుతో అరిపించి ఉంటాడు. అయినా ప్యాకర్స్ డిఫెన్స్‌లో ఉన్న మైకా పార్సన్స్ రెండుసార్లు దూకుతాడు, రాసి పెట్టుకో. ఆగస్టులో డాలస్ నుంచి తెచ్చుకుని ఆయనకి నాలుగేళ్లకు 188 మిలియన్ డాలర్లు రాసిచ్చారు, ఒక్కో దూకుడు ఎంత పడుతుందో లెక్కల మాష్టార్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

ఇంకోటి. 2023లో ఆడాలా మానాలా అని తేల్చుకోడానికి ఈ మనిషి ఒరెగాన్‌లో చీకటి గదిలో కొన్ని రోజులు ఒంటరిగా కూర్చుని వచ్చాడు. దానికి అంత దూరమెందుకు సామీ, మా బెలుం గుహలకి వచ్చుంటే ఎంట్రీ టికెట్‌తో పోయేది. మూడు కిలోమీటర్లకు పైగా పొడవు, లైట్లు ఆర్పమంటే చాలు. ఆర్పమని అడక్కపోయినా ఒక్కోసారి కరెంటే చూసుకుంటుంది.

స్కోరు స్టీలర్స్ 27, ప్యాకర్స్ 24. ఆట అయ్యాక ఆయన పాత స్నేహితుల్ని కౌగిలించుకునే కార్యక్రమం రెండో సగం కన్నా ఎక్కువసేపు నడుస్తుంది.

దేవుని కడప మాష్టారు (కడప)

లెక్కల మాష్టార్ని కాదు, తెలుగు మాష్టార్ని. అయినా జోస్యం మా జిల్లా సొత్తు, బ్రహ్మంగారి మఠం మా దగ్గరే ఉంది కదా, కాబట్టి మాట్లాడే హక్కు ఉంది.

శ్రీ విశ్వావసు నామ సంవత్సరం, దక్షిణాయనం, శరదృతువు, కార్తీక శుక్ల పక్షం, ఇందువాసరం. అమెరికాలో అప్పటికి ఇంకా భానువారమే, వర్జ్యం చూసుకునేవాళ్లు ఏ దేశం లెక్క తీసుకోవాలో వాళ్ల ఇష్టం. జాతకుడి పుట్టిన తేదీ 1983 డిసెంబర్ 2. ఆదాయం 2 టచ్‌డౌన్లు, అంటే బంతిని అవతలి చివరి గీత దాటించడం. వ్యయం 1 ఇంటర్‌సెప్షన్, అంటే విసిరిన బంతి అవతలివాళ్ల చేతికి చిక్కడం. రాజపూజ్యం 18, అవి గ్రీన్‌బేలో గడిపిన సీజన్లు. అవమానం 4. ఆ నాలుగు ఎక్కడిదంటే, 2023లో న్యూయార్క్ జెట్స్‌కి పోయి తొలి మ్యాచ్‌లో నాలుగో స్నాప్‌కే, అంటే నాలుగోసారి ఆట మొదలవగానే, మడమ పైన నరం తెంపుకున్నాడు, ఆ సీజన్ అక్కడికి గోవిందా. తర్వాతి ఏడాది పూర్తిగా ఆడినా టీమ్ పదిహేడింటిలో అయిదే గెలిచింది. న్యూయార్క్ స్థానబలం ఈ జాతకుడికి లేదు.

అయితే ఒక పరిహారం జరిగింది. ఈ సెప్టెంబర్ 7న స్టీలర్స్ తరఫున మొదటి మ్యాచే ఆ జెట్స్ మీద పడింది. నాలుగు టచ్‌డౌన్ పాసులు వేశాడు, 34-32తో గెలిచారు. గెలిపించిన కిక్కు స్టీలర్స్ కిక్కర్ బాస్వెల్‌ది, 60 గజాల నుంచి, కానీ పుణ్యం మాత్రం పెద్దాయన ఖాతాలో పడింది. అంటే ఒక పాత టీమ్ దోషం తీరింది. ఇంకొక దోషం మిగిలి ఉంది.

సంఖ్యాబలం కూడా చూశాను. గ్రీన్‌బేలో ఆయన నంబర్ 12. పిట్స్‌బర్గ్‌లో 12 అంటే టెర్రీ బ్రాడ్‌షా, దాన్ని ఎవరికీ ఇవ్వడం లేదు, కాబట్టి 8 వేసుకున్నాడు. ఎనిమిది శనిది. శని మంచివాడే, కాకపోతే నిదానం. 41 ఏళ్ల మనిషికి నిదానం కొత్తగా శని ఇవ్వక్కర్లేదు.

తమ్ముడూ, షరతు మీరినందుకు మీ అన్నగారికి చెప్పొద్దు.

చివరి మాట. పిట్స్‌బర్గ్‌లో వెంకటేశ్వర స్వామి గుడి 1970ల నాటిది, మీ అన్న శనివారం అక్కడికి పోతాడు. మీ బావ మిల్వాకీ నుంచి కారేసుకుని షికాగో దగ్గర అరోరా గుడికి పోతాడు. ఇద్దరూ మొక్కేది ఒకే స్వామికి. ఆయన ఏం చేయాలి చెప్పండి? పైగా తిరుమలకి తొలిగడప మాది, ఏ దరఖాస్తయినా ముందు మా దేవుని కడపలో పడాలి, ఇప్పటిదాకా ఇక్కడికి ఒక్కటీ రాలేదు. అందుకని నా లెక్క 24-24 టై. నవ్వకండి, ఇదే ప్యాకర్స్ సెప్టెంబర్ 28న డాలస్‌తో 40-40 టై చేసుకుని వచ్చారు.

ఎర్రకారం (కడప)

అన్నీ బాగున్నాయి కానీ క్వార్టర్‌బ్యాక్ అంటే బౌలరా, కెప్టెనా? అందరూ ముసలాయన ముసలాయన అంటున్నారు, 41 అంటే ధోనీ కంటే చిన్నోడు కదరా.

తాడిపత్రి తమ్ముడు

రెండూ కలిపి అనుకో అన్నా. బంతి ముందు ఆయన చేతికే వస్తుంది, రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో చూసుకోవాలి, అంతలోపు వంద కిలోలకు పైనున్న మనుషులు నలుగురైదుగురు మీదికి వస్తుంటారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి, లేకపోతే బంతి అవతలి వాళ్లది. ఒక తిరకాసు ఏందంటే రాడ్జర్స్, ప్యాకర్స్ క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ లవ్ ఇద్దరూ ఒకేసారి మైదానంలో ఉండరు. ఈయన ఆడుతుంటే ఆయన బయట నీళ్లు తాగుతుంటాడు. కాబట్టి పోస్టర్లో ఎదురెదురుగా గుడ్లురిమినా నిజానికి రాడ్జర్స్ తలపడేది పార్సన్స్‌తో, లవ్ తలపడేది స్టీలర్స్ డిఫెన్స్‌లో ఉన్న టి.జె. వాట్‌తో.

బాధ అర్థం కావాలంటే డేవిడ్ వార్నర్‌ని గుర్తు చేసుకో. సన్‌రైజర్స్ కప్పు గెలిపించిన మనిషిని పక్కన పెట్టారు, 2022 మే 5న ఢిల్లీ తరఫున వచ్చి మన మీదే 58 బంతుల్లో 92 నాటౌట్ కొట్టాడు. చప్పట్లు కొట్టాలా నెత్తి కొట్టుకోవాలా తెలీక టీవీ ముందు కూర్చోలా మనం? మా బావది ఇప్పుడు ఆ పరిస్థితే.

ఎర్రకారం (కడప)

వార్నర్ అన్నావ్, ఇంకేం చెప్పక్కర్లే. రాడ్జర్స్ 92 నాటౌట్.

ఆదోని అక్క

జాతకాలు పక్కన పెట్టి పాత లెక్కలు చూద్దాం, నాకు అందులోనే నవ్వొస్తుంది. పేరున్న క్వార్టర్‌బ్యాక్ పాత టీమ్ మీద ఆడటం ఇదేం మొదటిసారి కాదు. జో మోంటానా కాన్సస్ సిటీకి పోయి 1994 సెప్టెంబర్‌లో తన పాత శాన్‌ఫ్రాన్సిస్కోని 24-17తో కొట్టాడు. టామ్ బ్రేడీ 2021 అక్టోబర్ 3న న్యూ ఇంగ్లండ్‌కి టాంపా తరఫున పోయి, వానలో 19-17తో బయటపడ్డాడు, చివర్లో వాళ్ల కిక్కర్ 56 గజాల నుంచి తన్నిన బంతి స్తంభానికి తగిలి బయటికి పోయింది. ఆ స్తంభానికి బ్రేడీ ఇప్పటికీ దండం పెట్టుకోవాలి. రస్సెల్ విల్సన్ 2022లో డెన్వర్ తరఫున సియాటిల్ పోయి 17-16తో ఓడాడు, అదీ చివర్లో బంతి ఆయన చేతికి ఇవ్వకుండా కోచ్ 64 గజాల కిక్కు కొట్టించాడు. వందల మిలియన్లు పెట్టి తెచ్చుకున్న మనిషిని పక్కన నిలబెట్టి చూడమనడం, ఆ దృశ్యం నాకు మర్చిపోవడం కష్టం.

అసలు ముచ్చట బ్రెట్ ఫావ్ర్‌ది. ప్యాకర్స్‌కి రాడ్జర్స్ కంటే ముందు దేవుడు ఆయనే. ఆయన వెనక మూడేళ్లు బెంచీ మీద కూర్చున్న కుర్రాడే రాడ్జర్స్. 2008లో ఫావ్ర్‌ని జెట్స్‌కి పంపి కుర్రాడికి తాళాలిచ్చారు. ఫావ్ర్ జెట్స్ నుంచి మిన్నెసోటా చేరి 2009లో పాత టీమ్‌ని రెండుసార్లు కొట్టాడు, అక్టోబర్‌లో 30-23, నవంబర్ 1న వాళ్ల సొంత మైదానంలో 38-26. జనం ఆ రోజు ఆయన్ని తెగ గేలి చేశారు. ఆ రెండు మ్యాచుల్లోనూ ఓడిన క్వార్టర్‌బ్యాక్ ఎవరో చెప్పక్కర్లేదు కదా.

ఇప్పుడు చూడండి. రాడ్జర్స్ వెనక మూడేళ్లు కూర్చున్న కుర్రాడు జోర్డన్ లవ్. రాడ్జర్స్‌ని పంపింది మళ్లీ ఆ జెట్స్‌కే. అక్కణ్ణించి ఇంకో టీమ్‌కి, ఇప్పుడు పాత ఇంటి మీదికి. ఈ గ్రీన్‌బే వాళ్లకి పెద్దకొడుకుని బయటికి పంపే పద్ధతి కూడా ఒక్కటే ఉంది, దాన్నే జిరాక్స్ తీసుకుంటారు.

ఫావ్ర్ దారి చూస్తే రాడ్జర్స్ గెలవాలి. కానీ పేటన్ మానింగ్ సంగతి కూడా ఉంది. 2013 అక్టోబర్ 20న డెన్వర్ తరఫున ఇండియానాపోలిస్ పోయాడు, డెన్వర్ అప్పటిదాకా ఓటమి లేని టీమ్. తన చోటుకి వచ్చిన కుర్రాడు ఆండ్రూ లక్ చేతిలో 39-33తో ఓడాడు. నాకు ఈ మ్యాచ్ దానిలా పోతుందనిపిస్తోంది. కారణం జాతకం కాదు, స్టీలర్స్ డిఫెన్స్. ఫ్లాకోకి 33 పాయింట్లు ఇచ్చిన వాళ్లు లవ్‌ని ఎట్లా ఆపుతారు? రాడ్జర్స్ బాగానే ఆడతాడు, టీమ్ ఓడుతుంది, మర్నాడు అందరూ ఆయన వయసు గురించి రాస్తారు.

గెలిస్తే మాత్రం ఇంకో గొప్ప ఉంది. లీగ్‌లో ఉన్న 32 టీములనీ ఓడించిన క్వార్టర్‌బ్యాకులు నలుగురే, ఫావ్ర్, మానింగ్, బ్రేడీ, డ్రూ బ్రీస్. రాడ్జర్స్‌కి మిగిలింది ప్యాకర్స్ ఒక్కటే. ఒక చోటే ఉండిపోయినవాడికి ఈ రికార్డు రాదు, ఎక్కడో ఒక దగ్గర గెంటించుకోవాలి.

నా స్కోరు ప్యాకర్స్ 34, స్టీలర్స్ 27.

వజ్రాల వేట (తుగ్గలి)

అక్కా, అన్ని లెక్కలు చెప్పి చివరి బంతిని మర్చిపోయావ్. మా వైపు తొలకరి పడితే జొన్నగిరి చుట్టుపక్కల పొలాల్లో జనం నడుం వంచి వజ్రాలు వెతుకుతారు. దొరకదని అందరికీ తెలుసు. అయినా ఎవడో ఒకడికి దొరుకుతుంది, వాడి పేరు పేపర్లో పడుతుంది, మర్నాడు ఇంకో వంద మంది దిగుతారు. టైమ్ అయిపోయాక కళ్లు మూసుకుని చివరికంటా విసిరే హెయిల్ మేరీ పాస్ కూడా అంతే, కాకపోతే ఈ మనిషికి మాటిమాటికీ దొరుకుతుంది. 2015 డిసెంబర్ 3న డిట్రాయిట్‌లో గడియారం సున్నాకి వచ్చాక పెనాల్టీ పుణ్యాన ఒక ఆట మిగిలితే 61 గజాలు విసిరాడు, అందుకున్నవాడి పేరు కూడా రాడ్జర్సే, రిచర్డ్ రాడ్జర్స్, చుట్టం కాదు. 27-23 గెలుపు.

సోమవారం కూడా అంతే. ఒక్క సెకను, అరవై గజాలు. బంతి పైకి లేస్తుంది, బావ కళ్లు మూసుకుంటాడు, అమ్మ దీపం కొండెక్కకుండా చెయ్యి అడ్డం పెడుతుంది. స్టీలర్స్ 30, ప్యాకర్స్ 28. కామెంట్రీలో టిరికో, కాలిన్స్‌వర్త్ ఇద్దరూ కలిసి "పద్దెనిమిది సీజన్లు" అన్న మాట ఎన్నిసార్లు అంటారో లెక్కపెట్టేవాడికి నా తరఫున ఉగ్గాని, బజ్జీ.

ప్రొద్దుటూరు అల్లుడు (విస్కాన్సిన్)

నేను మీ బావని కాను తమ్ముడూ, కానీ మీ బావ బాధ నాకు తెలుసు, నేనూ ఇక్కడివాణ్ణే. మా ప్యాకర్స్ టీమ్‌కి ఒక్క యజమాని అంటూ లేడు, అయిదు లక్షలకు పైగా వాటాదారులున్నారు. మొన్న 2021 చివర్లో వాటాలు అమ్మితే నేనూ 300 డాలర్లు పెట్టి ఒకటి కొన్నా. డివిడెండ్ రాదు, మళ్లీ అమ్ముకోడానికి లేదు, వచ్చేది ఒక కాగితం. దానికి ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టాను. మా ఆవిడ ప్రొద్దుటూరు ఆడపడుచు. ఆ డబ్బుతో అప్పుడు మా ఊరి బజార్లో నాలుగు గ్రాములైనా వచ్చేది, ఇప్పుడు దాని ధర చూడు అని బంగారం రేటు పెరిగినప్పుడల్లా ఆ ఫ్రేమ్ వైపు చూస్తుంది. ఈ అక్టోబర్ అంతా అటే చూసింది.

ఇక్కడ జనం ఎట్లా ఉన్నారంటే, రాడ్జర్స్ వెళ్లిపోయిన తీరుకి కోపం ఉంది, ఆయన తెచ్చిన కప్పు మీద ప్రేమ ఉంది. నా ఆఫీసులో పక్క సీటాయన 12 నంబర్ పాత జెర్సీ బయటికి తీశాడు, వేసుకోవాలా వద్దా అని రెండు రోజులుగా కుర్చీ వెనక తగిలించి పెట్టాడు. నన్నడిగితే ఆయన నాలుగు వందల గజాలు విసరాలి, మేము గెలవాలి. బొమ్మ మీదేసినా బొరుసు మీదేసినా పైసా మాదే అన్నట్టు ఉంది కదా, అవును, అంతే.

స్కోరు ప్యాకర్స్ 31, స్టీలర్స్ 25. ఆ ఫైనల్ స్కోరే మళ్లీ. ఈసారి పాతిక వైపు ఆయన ఉంటాడు.

బురుజు బాబు (కర్నూలు)

అల్లుడుగారూ, నాలుగు గ్రాముల మాట మా ఆవిడ చదివింది. మీరిక ఇటువైపు రాకండి.

తాడిపత్రి తమ్ముడు

సోమవారం, ఆట అయ్యాక రాస్తున్నా. ప్యాకర్స్ 35, స్టీలర్స్ 25.

సగం ఆటకి 16-7తో మా అన్న వాళ్లే ముందున్నారు. అన్న గ్రూపులో పసుప్పచ్చ టవల్ తిప్పే వీడియో పెట్టాడు, బావ ఫోన్ సైలెంట్. తర్వాత లవ్ మొదలుపెట్టాడు, వరసగా ఇరవై పాసులు, ఒక్కటి కింద పడలేదు. మొత్తం 360 గజాలు, మూడు టచ్‌డౌన్లు. టక్కర్ క్రాఫ్ట్ అని ఒక మనిషి, అతన్నొక్కణ్ణే పట్టుకోలేక 143 గజాలు ఇచ్చుకున్నారు. రాడ్జర్స్ రెండు టచ్‌డౌన్ పాసులు వేశాడు, మాష్టారి పంచాంగంలో ఆదాయం అచ్చంగా కుదిరింది. అక్క చెప్పినట్టే ఆయన పర్వాలేదు, డిఫెన్స్ కొట్టుకుపోయింది. అల్లుడుగారి పాతిక కూడా తగిలింది. సూపర్ బౌల్లో స్టీలర్స్‌కి వచ్చింది 25, ఇప్పుడూ 25, పద్నాలుగేళ్ల తర్వాత సరిగ్గా అదే పాతిక.

బావ ఇంతసేపటికి ఆ జెర్సీ ఫొటోకి జవాబిచ్చాడు, "సైజు బాగుంది" అని.

ఎర్రకారం (కడప)

నా 92 నాటౌట్ పోయింది. మళ్లీ ఎప్పుడు పడతారు వీళ్లిద్దరూ? పెద్దాయనకి ఇంకో చాన్సు ఉంటుందా?

ఆదోని అక్క

రెండూ వేర్వేరు కాన్ఫరెన్సులు, అంటే లీగ్‌లో వేర్వేరు సగాలు, కాబట్టి మామూలు సీజన్లో ఇప్పట్లో కుదరదు. ఆయన ఒప్పందం ఒక్క ఏడాదికే, ఇదే చివరి సీజన్ అనుకుంటున్నట్టు జూన్‌లోనే చెప్పాడు. మిగిలిన దారి ఒకటే, రెండు టీములూ సూపర్ బౌల్‌కి రావాలి. అది శాంటా క్లారాలో, మన లెక్కన ఫిబ్రవరి 9 తెల్లారి అయిదింటికి. అదీ సోమవారమే. స్టీలర్స్ ఈ డిఫెన్స్‌తో అక్కడిదాకా వస్తారని నేనైతే అనుకోను, మాష్టారి దగ్గరికి దరఖాస్తు పోతే చెప్పలేం.

దేవుని కడప మాష్టారు (కడప)

దరఖాస్తు ఇందాకే వచ్చింది. పిట్స్‌బర్గ్ నుంచి.